ముప్ఫై రూపాయల గుమాస్తా

మన సంఘం ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం గురించి రాయమని సంపాదకవర్గం వారు అడిగారు. దేశనాయకుల గురించి రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను 34 ఏళ్ళు గుమాస్తాగిరీ చేసి దిగిపోయినవాణ్ణి. కాబట్టి మన గుమాస్తాల్లోంచే ఒక మహనీయుణ్ణి ఎంచుకోవటం నాకు తగిన పని అనిపించింది. ఆయన పేరు శ్రీనివాస రామానుజన్.

ఆయన గణితాన్ని వివరించే శక్తి నాకు లేదు. ఆ పని పండితులు చేశారు, చేస్తున్నారు. నేను చెప్పదలచుకున్నది ఆయన ఉద్యోగాల సంగతి. కొలువు కోసం ఎవరెవరి గడప ఎక్కారు, ఏ ఆఫీసులో ఎన్నాళ్ళు ఉన్నారు, ఎందుకు వదిలారు, వదిలి వెళ్ళేటప్పుడు పై అధికారులు ఎలా నడుచుకున్నారు అన్నదే నా విషయం. మనిషికీ ఉద్యోగానికీ జత కుదరటం పెళ్ళిసంబంధం వంటిది. జీతం ఒక్కటీ చూసి ముడిపెడితే నిలవదు. ఇందులో నా సర్వీసులో జరిగిన ఒక పొరపాటు కూడా ఉంది. అది చివర మనవి చేస్తాను.

రామానుజన్ 1887 డిసెంబరు 22న ఈరోడ్‌లో అమ్మమ్మ గారింట పుట్టారు. పెరిగింది కుంభకోణంలో. తండ్రిగారు ఒక బట్టల కొట్లో గుమాస్తా. జీతం నెలకు 20 రూపాయలు. తల్లి కోమలతమ్మాళ్ గుడిలో భజనలు పాడేవారు. చాలీచాలని సంసారం కాబట్టి ఒకరిద్దరు విద్యార్థులను ఇంట్లో భోజనానికి పెట్టుకుని నెట్టుకొచ్చేవారు. అంటే ఈయన గుమాస్తా కొడుకు, తర్వాత తానూ గుమాస్తా. మన ఇళ్ళకు ఇది కొత్త కథ కాదు.

బడిలో ఉండగా 1903లో కార్ అనే ఇంగ్లీషాయన కూర్చిన ఒక లెక్కల పుస్తకం ఆయన చేతిలో పడింది. అందులో సూత్రాలు వేలల్లో ఉన్నాయి గాని, రుజువులు అంతంతమాత్రం. కుర్రవాడు ఒక్కొక్క సూత్రాన్నీ తనంతట తానే రుజువు చేసుకుంటూ, అక్కడితో ఆగక కొత్తవి కట్టుకుంటూ పోయాడు. ఆ పుస్తకం ఆయనకు దారి చూపింది, చదువునూ చెడగొట్టింది. 1904లో స్కాలర్‌షిప్పుతో కుంభకోణం కాలేజీలో చేరారు గాని లెక్కలు తప్ప మరొకటి తలకెక్కలేదు. స్కాలర్‌షిప్పు పోయింది. ఆ అవమానంతో 1905 ఆగస్టులో ఇంట్లో చెప్పకుండా రైలెక్కి మన విశాఖపట్నం వచ్చేశారు. కొడుకు కనిపించక తల్లిదండ్రులు పత్రికలో ప్రకటన వేయించుకున్నారు. ఇల్లు చేరాక 1906లో మద్రాసు పచ్చయప్ప కాలేజీలో చేరి ఎఫ్.ఏ. పరీక్షకు కూర్చున్నారు. తప్పారు. మరుసటి ఏడు మళ్ళీ తప్పారు. శరీరశాస్త్రం ఆయనకు అచ్చిరాలేదు.

1909లో పెళ్ళయింది. జానకమ్మగారికి అప్పటికి పదేళ్ళు. పెళ్ళయ్యాక ఊరికే అరుగు మీద కూర్చుని పలక మీద లెక్కలు రాసుకుంటానంటే లోకం ఒప్పుకోదు. ట్యూషన్లు చెప్పబోయారు. పిల్లలకు పరీక్షకు కావలసింది చెప్పకుండా తనకు తోచిన లోతుల్లోకి వెళ్ళిపోయేవారు. దాంతో అదీ నిలవలేదు. ఇక నోటుబుక్కులు చంకన పెట్టుకుని ఉద్యోగం కోసం బయలుదేరారు.

మొదట వెళ్ళింది తిరుక్కోయిలూరులో డిప్యూటీ కలెక్టరుగా ఉన్న వి. రామస్వామి అయ్యర్ గారి దగ్గరకు. భారత గణిత సంఘాన్ని 1907లో స్థాపించినవారు ఆయనే. 1910లో రామానుజన్ ఆయనను అడిగింది రెవెన్యూ శాఖలో ఒక చిన్న గుమాస్తా పని. అయ్యర్ గారు నోటుబుక్కులు తిరగేసి, ఉద్యోగం ఇవ్వలేదు. రెవెన్యూ శాఖలో అట్టడుగు మెట్టు మీద ఈ మేధను పాతిపెట్టటానికి ఆయనకు మనసొప్పలేదు. రెవెన్యూలో పనిచేసిన మిత్రులకు ఆ మాటలోని నిజం నేను చెప్పనక్కరలేదు. తాలూకా కచేరీలో జమాబందీ రోజులు వస్తే మనిషికి భోజనం గుర్తుండదు, ఇక అనంత శ్రేణులు ఎక్కడ గుర్తుంటాయి? అయితే ఆకలితో వచ్చినవాడికి పని లేదని చెప్పి ఊరుకుంటే అది దయ కాదు. అయ్యర్ గారు మద్రాసులోని గణిత మిత్రులకు ఉత్తరాలు రాసి ఇచ్చి పంపారు. వట్టి చేతులతో తిప్పి పంపలేదు. అందుకే ఆ నిరాకరణ కూడా మేలే చేసింది.

ఆ ఉత్తరాలు చేతులు మారి పి.వి. శేషు అయ్యర్ గారి ద్వారా ఆయనను దివాన్ బహదూర్ ఆర్. రామచంద్రరావు గారి ముందు నిలబెట్టాయి. రావుగారు అప్పుడు నెల్లూరు కలెక్టరు. ఆయనకూ గణితాభిమానం ఉంది. మొదట ఈ నలిగిన బట్టల యువకుణ్ణి నమ్మలేదు. రెండు మూడుసార్లు కలిసి మాట్లాడాక నమ్మకం కుదిరింది. ఏం కావాలని అడిగితే, తిండికి సరిపడా వస్తే చాలు, లెక్కలు చేసుకుంటానని రామానుజన్ చెప్పారు. నెల్లూరు వంటి మఫసలు ఊళ్ళో పెట్టి ఈయనను పాడుచేయకూడదని రావుగారు మద్రాసులోనే ఉంచి, తన జేబులోంచి నెలకు 25 రూపాయలు పంపసాగారు.

పని లేదు, పై అధికారి లేడు, నెల తిరిగేసరికి డబ్బు వస్తుంది. ఇంతకంటే ఏం కావాలి అనుకుంటాం. కాని సుమారు ఏడాది గడిచేసరికి రామానుజన్ ఆ డబ్బు వద్దనుకున్నారు. ఒకరి దయ మీద ఎన్నాళ్ళని బతకటం అన్నది ఆయన బాధ. పని లేని జీతం ఆత్మాభిమానం ఉన్నవాడికి అరగదు. రావుగారిలో లోపమేమీ లేదు. ఇచ్చే చేయి ఎంత మంచిదైనా, పుచ్చుకునే చేయి అలిసిపోతుంది.

1912 జనవరిలో మద్రాసు అకౌంటెంట్ జనరల్ ఆఫీసులో 20 రూపాయల మీద తాత్కాలిక గుమాస్తాగా చేరారు. ఆరు వారాలు కూడా నిండలేదు, అది ముగిసింది. అక్కడ ఆయన గురించి ఎరిగినవారు లేరు. వచ్చారు, పోయారు. ఆ ఉద్యోగంలో ఉండగానే, ఫిబ్రవరి 9న మద్రాసు పోర్టు ట్రస్టుకు దరఖాస్తు పెట్టుకున్నారు. మెట్రిక్యులేషన్ ప్యాసయ్యానని, ఎఫ్.ఏ. దాకా చదివి పరిస్థితుల వల్ల ఆగిపోయానని, అప్పటినుంచీ కాలమంతా గణితానికే వినియోగిస్తున్నానని దాచకుండా రాశారు. దరఖాస్తుతో పాటు ప్రెసిడెన్సీ కాలేజీ గణిత ఆచార్యుడు మిడిల్‌మాస్ట్ గారి సిఫారసు ఉంది. 1912 మార్చి 1న అకౌంట్సు విభాగంలో మూడో తరగతి, నాలుగో గ్రేడు గుమాస్తాగా చేరారు. జీతం 30 రూపాయలు.

పోర్టు ట్రస్టులోనూ అవే చిట్టాలు, అవే కూడికలు. లెక్కన చూస్తే అకౌంటెంట్ జనరల్ ఆఫీసు పనికీ దీనికీ పెద్ద తేడా లేదు. తేడా అంతా మనుషుల్లో ఉంది. అకౌంట్సు విభాగానికి పెద్ద ఎస్. నారాయణ అయ్యర్ గారు. ఆయన స్వయంగా గణితం తెలిసినవారు, భారత గణిత సంఘంలో బాధ్యతలు మోసినవారు. పగలు ఆఫీసులో ఈయన పై అధికారి. సాయంత్రం ట్రిప్లికేన్‌లోని ఇంట్లో ఇద్దరూ చెరొక పలక పట్టుకుని పొద్దుపోయే దాకా లెక్కలు చేసేవారు. రామానుజన్ నాలుగు మెట్లు ఒక్క గంతులో దాటేస్తుంటే, ఎదుటివాళ్ళకు అర్థమయ్యేలా మెట్టు మెట్టుగా రాయమని పట్టుబట్టింది అయ్యర్ గారే. ఆఫీసులో చేతి పని త్వరగా ముగించుకుని మిగిలిన వేళలో లెక్కలు చేసుకుంటే ఎవరూ కసిరేవారు కారు. కాగితం కొనుక్కునే తాహతు లేక రేవులో పడి ఉండే ప్యాకింగు కాగితాలు ఏరుకుని వాటి మీద రాసుకునేవారు.

ఆ పైన ఛైర్మన్ సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్. ఆయన ఐరిష్ ఇంజనీరు. మన గోదావరి మీది రైలు వంతెన పనిలోనూ ఆయన చేయి ఉంది. నారాయణ అయ్యర్ గారు తన కింది గుమాస్తా ఎటువంటివాడో ఛైర్మన్ చెవిన వేశారు. ఇక్కడ ఒక్క క్షణం ఆగమని మిత్రులను కోరుతున్నాను. మన సర్వీసుల్లో ఎందరు సెక్షన్ పెద్దలు, తమ కింద ఒక నాలుగో గ్రేడు గుమాస్తా తమకంటే గొప్పవాడని పై అధికారికి నోరు తెరిచి చెప్పారు?

1913 జనవరి 16న రామానుజన్ కేంబ్రిడ్జిలోని హార్డీ పండితునికి ఉత్తరం రాశారు. అందులో తనను తాను పరిచయం చేసుకున్నది పోర్టు ట్రస్టు ఆఫీసులో ఏడాదికి 20 పౌన్ల జీతం మీద పనిచేసే గుమాస్తాగానే. కాగితాల నిండా ఉన్న సూత్రాలు చూసి హార్డీ నివ్వెరపోయి, తన మిత్రుడు లిటిల్‌వుడ్‌తో కలిసి పరీక్షించి, ఇది మామూలు మనిషి పని కాదని తేల్చారు. ఆ ఫిబ్రవరిలోనే వాతావరణ శాఖ అధిపతి గిల్బర్ట్ వాకర్ మద్రాసు వచ్చారు. ఆయన కేంబ్రిడ్జిలో గణితం చదివినవారు. స్ప్రింగ్ గారు రామానుజన్ కాగితాలు ఆయన ముందు పెట్టించారు. వాకర్ వెంటనే మద్రాసు విశ్వవిద్యాలయానికి రాశారు. డిగ్రీ లేనివానికి పరిశోధక వేతనం ఎలా ఇస్తారన్న అభ్యంతరం వచ్చింది. విశ్వవిద్యాలయం ఉన్నదే పరిశోధన కోసమని వాదించినవారు నెగ్గారు. 1913 మే 1 నుంచి నెలకు 75 రూపాయలు మంజూరైంది.

పోర్టు ట్రస్టు ఏం చేసింది? రాజీనామా చేయమనలేదు. జీతం లేని సెలవు రెండేళ్ళు ఇచ్చింది. అక్కడ కుదరకపోతే తిరిగి వచ్చి తన కుర్చీలో కూర్చోవచ్చు. ఆ ధీమా ఎంత విలువైనదో ఇల్లు గడుపుకొచ్చిన మనకు తెలుసు. లెక్క చూస్తే ఆయన అక్కడ పనిచేసింది 14 నెలలు. చూడబోతే ఒక ఆఫీసు ఒక మంచి గుమాస్తాను పోగొట్టుకుంది. కాని ఆయనకు పోయిందీ లేదు, వాళ్ళకు పోయిందీ లేదు.

తర్వాత కూడా స్ప్రింగ్ గారు చేతులు దులుపుకోలేదు. కేంబ్రిడ్జి నుంచి నెవిల్ అనే యువ ఆచార్యుడు 1914 మొదట్లో మద్రాసుకు ఉపన్యాసాలకు వచ్చి, రామానుజన్‌ను ప్రయాణానికి ఒప్పించారు. ఖర్చు సంగతి తేల్చమని స్ప్రింగ్ గారు గవర్నరు ఆఫీసుకు రాశారు. ఏడాదికి 250 పౌన్లు మంజూరైంది. సముద్రం దాటటానికి తల్లి మొదట ఒప్పుకోలేదు. నామక్కల్ నామగిరి అమ్మవారి అనుగ్రహం అయిందన్నాక ఒప్పుకుంది. బయలుదేరే ముందు నారాయణ అయ్యర్ గారు ఒక వింత కోరిక కోరారని చెబుతారు. తన పలక రామానుజన్‌కు ఇచ్చి, రామానుజన్ పలక తాను పుచ్చుకున్నారట. పై అధికారి కింది ఉద్యోగి పలకను గుర్తుగా అడిగి పుచ్చుకోవటం ఎక్కడైనా విన్నామా? 1914 మార్చి 17న నెవాసా అనే ఓడ ఎక్కారు.

కేంబ్రిడ్జిలో పనికీ మనిషికీ జత అచ్చంగా కుదిరింది. పక్కన హార్డీ ఉన్నారు, చేతినిండా పని ఉంది. 1916లో పరిశోధన మీదనే బి.ఏ. పట్టా వచ్చింది. ఎఫ్.ఏ. తప్పిన మనిషికి 1918 మే నెలలో రాయల్ సొసైటీ సభ్యత్వం, అక్టోబరులో ట్రినిటీ కాలేజీ ఫెలోషిప్ వచ్చాయి. కాని పని కుదిరినంత మాత్రాన అన్నీ కుదరవు. ఆయన శాకాహారి, స్వయంపాకి. వెళ్ళిన కొద్ది నెలలకే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. సరుకులు దొరకవు, చలి, ఒంటరితనం. ఇంట్లో అత్తాకోడళ్ళకు పడక, భార్య ఉత్తరాలు భర్తకు చేరలేదు. 1917లో జబ్బుపడి ఆసుపత్రుల పాలయ్యారు. ఉద్యోగం అంటే పని మాత్రమే కాదు, వేళకు ఇంత అన్నం, పలకరించే మనిషి, ఇంటి నుంచి ఒక ఉత్తరం కూడా. దూరపు ఊళ్ళకు బదిలీ అయి హోటలు భోజనంతో కడుపు చెడగొట్టుకున్నవారు మనలోనూ ఉన్నారు.

1919లో తిరిగి వచ్చేశారు. వచ్చే ముందు మద్రాసు విశ్వవిద్యాలయం ఏడాదికి 250 పౌన్లు ఇస్తామంది. ఆ డబ్బు తన అవసరానికి మించినదని, తల్లిదండ్రులకు 50 పౌన్లు ఇచ్చి, ఖర్చులు పోను మిగిలింది బీద పిల్లల, అనాథల చదువు ఫీజులకు వినియోగించమని ఆయన జవాబు రాశారు. 20 రూపాయల ఉద్యోగానికి తిరిగిన మనిషి రాసిన ఉత్తరం ఇది. జబ్బు మంచం మీద కూడా పలక వదలలేదు. 1920 ఏప్రిల్ 26న మద్రాసు చేట్‌పట్‌లో కన్నుమూశారు. నిండా 33 ఏళ్ళు లేవు. అప్పట్లో క్షయ అన్నారు. కాలేయానికి పట్టిన అమీబా వ్యాధి కావచ్చునని ఇటీవలి వైద్యులు కొందరు అన్నారు.

మన పింఛనుదారులకు తెలియవలసిన సంగతి ఇంకొకటి ఉంది. జానకమ్మగారు ఆ తర్వాత 70 ఏళ్ళకు పైగా బతికారు. విశ్వవిద్యాలయం ఇచ్చిన చిన్న పింఛనుతో, ట్రిప్లికేన్‌లో బట్టలు కుట్టుకుని జీవించారు, ఒక పిల్లవాణ్ణి పెంచి ప్రయోజకుణ్ణి చేశారు. చివరి రోజుల్లో ఆమెకు కొన్ని సంస్థలు, ప్రభుత్వాలు పింఛను ఇచ్చాయి. వాటిలో మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒకటి, మద్రాసు పోర్టు ట్రస్టు ఒకటి. 14 నెలలు పనిచేసి వెళ్ళిపోయిన నాలుగో గ్రేడు గుమాస్తా భార్యను ఆ ఆఫీసు మరచిపోలేదు. ఆమె 1994 ఏప్రిల్ 13న మరణించారు.

ఇప్పుడు నా సంగతి. సుమారు 40 ఏళ్ళ క్రితం నేనొక ఆఫీసులో అకౌంట్సు సెక్షను చూస్తున్నాను. ఏ ఆఫీసన్నది అనవసరం. నా దగ్గర ఒక కుర్రవాడు పనిచేసేవాడు. లెక్కల్లో ఎం.ఎస్సీ. చదివి, ఇంటి బరువు మీదపడి జూనియర్ అసిస్టెంటుగా చేరినవాడు. ట్రెజరీతో రీకన్సిలియేషన్‌కు మిగతావాళ్ళకు నాలుగు రోజులు పడితే అతనికి ఒక పూట చాలు. మధ్యాహ్నం టిఫిను వేళ అటెండరు కొడుక్కి లెక్కలు చెప్పేవాడు. అప్పుడు అతని ముఖం చూడాలి. ఒక మార్చి నెలలో, కాలేజీ లెక్చరరు పోస్టుకు దరఖాస్తు పెట్టుకోవటానికి నిరభ్యంతర పత్రం కోరుతూ అర్జీ ఇచ్చాడు. నోటు పెట్టవలసింది నేను. అతను వెళితే సెక్షను కుంటుపడుతుందని, పని ఒత్తిడి దృష్ట్యా వీలుకాదని రాశాను. అధికారి ఒక్క అక్షరం మార్చకుండా సంతకం పెట్టారు. చివరి తేదీ దాటిపోయింది.

కక్షతో రాయలేదు. అతనంటే నాకు ప్రేమ. ప్రేమ కాబట్టే వదులుకోలేకపోయాను. ఆ తర్వాత అతను పని ఎగ్గొట్టలేదు గాని, అయిదు కొట్టగానే కుర్చీ వెనక్కి జరిపి లేచిపోయేవాడు. అటెండరు కొడుక్కి లెక్కలు చెప్పటం మానేశాడు. మనిషి కుర్చీలో ఉన్నాడు, ఉద్యోగం మాత్రం ఎప్పుడో వదిలేశాడు. 20 ఏళ్ళ సర్వీసు నిండగానే స్వచ్ఛందంగా పదవీ విరమణ చేశాడు. జీతం చాలక వెళ్ళేవారు కొందరుంటారు. కాని చాలామంది తమను ఎవరూ చూడలేదన్న బాధతో వెళతారు. అతను అలా వెళ్ళాడు.

మొన్న లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వటానికి వెళ్ళినప్పుడు ట్రెజరీ వరండాలో కనిపించాడు. ఇప్పటికీ గురువుగారూ అనే పిలుస్తాడు. నా చేతిలో కర్ర చూసి బెంచీ మీద చోటిచ్చి తాను నిలబడ్డాడు. ఇంటి దగ్గర పేద పిల్లలకు లెక్కలు చెబుతున్నానని అన్నాడు. ఆ నోటు మాట నా నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోయింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. మన సంచిక అతనికీ చేరుతుంది. అతని అర్జీ మీద ఆ నోటు రాసింది నేనేనని అతనికి తెలియకపోతే ఇప్పుడు తెలుస్తుంది.

మన పిల్లలు, మనుమలు ఇవాళ ఎన్నో ఆఫీసుల్లో నలుగురి మీద పెత్తనం చేసే స్థానాల్లో ఉన్నారు. వారికి నేను చెప్పేది ఒక్కటే. మీ కింద ఉన్నవాడు మీ పని బాగా చేస్తున్నాడని సంబరపడే ముందు, ఆ పని అతనిదేనా అని ఒకసారి చూడండి. కాకపోతే నారాయణ అయ్యర్ గారిలా పై వాళ్ళకు చెప్పండి, స్ప్రింగ్ గారిలా సెలవిచ్చి పంపండి. మీ సెక్షను నాలుగు రోజులు కుంటుతుంది, మళ్ళీ నడుస్తుంది. నా సెక్షనూ నడిచేదే. ఆ మార్చిలో నాకది తోచలేదు.